ఎర్ర చుక్క ఉన్న గడి

పర్లాకిమిడిలో, సైకిల్ షాపు మేడ మీద గదిలో
లెక్క చెప్పే యంత్రం ఒకటి కడుతున్నాను.
యంత్రమంటే ఇనుము లేదు, చక్రం లేదు.
ఆరు గడులు, ఒక మీట.
గడులు నింపి మీట నొక్కితే
కాలు విరిగితే ఎంతో, కన్ను పోతే ఎంతో,
మనిషే పోతే ఎంతో చెప్పాలి,
జీతపు చీటీ లేనివాళ్లకి,
జ్వరమొస్తే సెలవడగడానికి
పైన ఎవరూ లేనివాళ్లకి.

మొదటి గడి పేరు. అది తేలిక.
రెండోది రాష్ట్రం.
బమ్మిడి తవిటినాయుడి ఆటో
పాతపట్నంలో పడుకుంటుంది, పర్లాకిమిడిలో తిరుగుతుంది.
"సెక్‌పోస్టుకి ఇటు గుద్దితే ఒక లెక్కా, అటు గుద్దితే ఒక లెక్కా పాపా?
మజ్జిలో గుద్దితేనో?"
అని పగలబడి నవ్వాడు.
ఆ రాత్రి కూర్చుని గడిని రెండుగా చీల్చాను:
పడుకునే ఊరు, పాటుపడే ఊరు.

మూడోది నెలకి ఆదాయం.
పక్కన ఎర్ర చుక్క. నింపకపోతే
గుమ్మం దాటనివ్వదు.
సిమ్మ రవణమ్మ మెడలో టేపు తియ్యకుండానే వచ్చింది.
"ఏ నెలకి?" అంది.
"పెళ్లిళ్ల నెల్లో రేత్రి రెండు దాకా జాకెట్లే.
మూఢం వొచ్చిందంటే మిషను మీద దుప్పటి కప్పెత్తాను.
ఏది రాత్తావు?"
మూఢం నెల రాద్దామని సున్నా కొట్టాను.
యంత్రం ఎర్రబడి చెప్పింది:
సరైన సంఖ్య ఇవ్వండి.
రవణమ్మ తెర వైపు వంగి,
బేరమాడే గొంతుతో, దానితోనే అంది,
"ఇదే సరైనది, అమ్మా."

పన్నెండు నెలలకి పన్నెండు గడులు పెట్టాను.
బెంగుళూరు నుంచి ఫోను:
గడులెక్కువైతే జనం పారిపోతారట.
జనం ఎక్కడికి పారిపోతారో నాకు తెలుసు.
కింద సైకిల్ షాపు పక్కన
వడ్డీ లెక్క నోటితో చెప్పేవాడి దగ్గరికి.
వాడికి ఒక్క గడీ లేదు.

ఒడియాలో మీట మీద మాట ఇమిడింది.
తెలుగులో అంచు దాటి బయటికొచ్చేసింది.
అక్షరం చిన్నది చేస్తే
రవణమ్మకి కళ్లజోడు కావాలి. కళ్లజోడు
ఏ పట్టికలోనూ లేదు.

పట్టిక అంటే గుర్తొచ్చింది. వేళ్ల పట్టిక.
బొటనవేలికి ఇంత శాతం, చూపుడువేలికి ఇంత,
చిటికెనవేలికి మరీ ఇంతేనా అనిపించేటంత.
ఆ పేజీ తెరిచి ఉండగా
కొమ్ము బొమ్మలు చెక్కే దండసి మహారణా వచ్చాడు.
చెయ్యి తెర మీద ఆనించి
ఒక్కో వేలినీ దాని శాతం పక్కన పెట్టి చూసుకున్నాడు.
చూపుడువేలు సగమే ఉంది.
మిగతా సగం ఏనాడో రంపం పట్టుకుపోయింది.
"ఈ సగానికెంత?"
పోయినదానికే ఉంది నా దగ్గర లెక్క.
అదీ ఇకమీదట పోతేనే.
ముందే పోయినదానికి పేరు మాత్రం ఉంది:
పూర్వపు లోపం. ఆ మాట నేనే టైపు చేశాను.

ఆయన సంచిలోంచి కొంగను తీశాడు.
నల్లటి కొమ్ము, దీపం పెడితే లోపల తేనె రంగు.
"మెడ నున్నగా రుద్దింది ఇదే," అన్నాడు మొండివేలు చూపించి.
"గోరుండదు గదా. గీత పడదు."

వేలు పెట్టి చూశాను. పడలేదు.

దండసి వెళ్లాక నా వివరాలు నేనే కొట్టాను.
పడుకునే ఊరు ఇదే, పాటుపడే ఊరు ఇదే.
డబ్బిచ్చేవాళ్లు తెరకి ఇంతని ఇస్తారు,
గడులు పెంచితే పెంచరు.
చైత్రంలో రెండు తెరలు, వైశాఖంలో ఏమీ లేవు.
నెలకి ఆదాయం దగ్గర వేలాగిపోయింది.
కింద ఎవరిదో చక్రానికి గాలి కొడుతున్నారు,
బుస్సు, బుస్సు,
ఎక్కడో చిల్లుంది, నిలవడం లేదు.

ఎర్ర చుక్క తీసేశాను.
రేపు మళ్లీ పెట్టమంటారు, తెలుసు.
ఈ రాత్రికి మాత్రం
ఖాళీగా వదిలినా ముందుకి కదులుతోంది.
ఎంతొస్తుందో మాత్రం
ఇంకా చెప్పలేకపోతోంది.